రాష్ట్ర బడ్జెట్ ఎవరు డిసైడ్ చేస్తారు, అందులో రాసిన మా రోడ్డు డబ్బులు ఎటు పోయాయి

మీరు అడిగింది రెండు ముక్కల్లో చెప్తే ఇది. మీ మండలం నుంచి జిల్లా హెడ్‌క్వార్టర్‌కి వెళ్ళే రోడ్డు డబుల్ లైన్‌కి బడ్జెట్‌లో డబ్బులు పెట్టారని ఫ్లెక్సీలు కట్టారు, ఆ తర్వాత రెండు బడ్జెట్లు వచ్చి పోయాయి, రోడ్డు మీద తట్టెడు కంకర కూడా పడలేదు, మరి బడ్జెట్ అంటే అర్థం ఏంటి, దాన్ని ఎవరు డిసైడ్ చేస్తారు అని. నేను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రోజుల్నుంచి ఒక డిపార్ట్‌మెంట్ బడ్జెట్ సెక్షన్‌లో, తర్వాత సెక్రటేరియట్‌లో ఈ పనే చేసి రిటైర్ అయ్యాను, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి. ఎక్కువగా తెలంగాణ గురించే చెప్తాను, ఆంధ్రాలో కూడా పద్ధతి దాదాపు అదే, రెండూ ఒకే బడ్జెట్ మాన్యువల్ చదువుకుని పెరిగిన ఆఫీసులే.

ముందు అసలు విషయం చెప్పేస్తా. అసెంబ్లీలో ఆర్థిక మంత్రి చదివే రోజున బడ్జెట్ డిసైడ్ అవ్వదు. అంతకుముందే చాలా భాగం డిసైడ్ అయిపోయి ఉంటుంది, మిగిలిన భాగం ఆ రోజు తర్వాత ఏడాది పొడుగునా డిసైడ్ అవుతూ ఉంటుంది. మధ్యలో ఆ పుస్తకం ఒక పర్మిషన్ లాంటిది, ఇంత దాకా ఖర్చు పెట్టుకోవచ్చు అని సభ ఇచ్చే అనుమతి, అంతేగాని అంత డబ్బు ఖజానాలో ఉందని కాదు. మీ రోడ్డుకి అనుమతి దొరికింది, డబ్బు దొరకలేదు. అది ఎందుకు ఎలా జరుగుతుందో మొదట్నుంచి చూద్దాం.

వర్షాకాలం చివర్లో, ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్యలో ఎప్పుడో ఒకప్పుడు, ఫైనాన్స్ డిపార్ట్‌మెంట్ నుంచి ఒక సర్క్యులర్ వస్తుంది. వచ్చే ఏడాదికి అంచనాలు పంపండి, ఈ ఏడాదికి సవరించిన అంచనాలు కూడా పంపండి అని. అక్కడ్నుంచి కింద డీడీవోల దగ్గర, అంటే బిల్లు మీద సంతకం పెట్టే ఆఫీసర్ దగ్గర మొదలవుతుంది. ప్రతి ఆఫీసులో ఎంతమంది ఉన్నారు, ఎన్ని పోస్టులు ఖాళీ, ఎవరి బేసిక్ ఎంత, ఇంక్రిమెంట్ ఏ నెలలో, ఇవన్నీ నంబర్ స్టేట్‌మెంట్ అని ఒక ఫారంలో నింపాలి. జిల్లా నుంచి హెచ్ఓడీ (శాఖాధిపతి) ఆఫీసుకి, హెచ్ఓడీ నుంచి సెక్రటేరియట్‌లో ఆ శాఖకి, అక్కడ్నుంచి ఫైనాన్స్‌కి. ఒకప్పుడు కట్టలు కట్టి పంపేవాళ్ళం, ఇప్పుడు ఆంధ్రాలో సీఎఫ్ఎంఎస్, తెలంగాణలో ఐఎఫ్ఎంఐఎస్ అనే సాఫ్ట్‌వేర్లు వచ్చాక అన్నీ ఆన్‌లైన్‌లోనే, కానీ అడిగే ప్రశ్నలు మాత్రం అవే.

ప్రతి శాఖా ఎక్కువ అడుగుతుంది, ఇందులో దాపరికం ఏమీ లేదు. ఫైనాన్స్ వాళ్ళు కోస్తారని శాఖ వాళ్ళకి తెలుసు, శాఖ వాళ్ళు కలిపి అడుగుతారని ఫైనాన్స్ వాళ్ళకి తెలుసు. అందరు అడిగింది కూడితే రాష్ట్రం ఆదాయం కంటే చాలా పైకి పోతుంది. నవంబర్ నుంచి జనవరి దాకా శాఖలవారీగా మీటింగ్‌లు జరుగుతాయి, సెక్రటరీ, హెచ్ఓడీ, బడ్జెట్ చూసే అకౌంట్స్ ఆఫీసర్ వెళ్ళి కూర్చుంటారు, అటువైపు ఫైనాన్స్ వాళ్ళు. అక్కడ వాళ్ళు చూసే మొదటి అంకె మీరు కొత్తగా ఏం చేస్తారన్నది కాదు, ఈ ఏడాది ఇచ్చిన దాంట్లో ఇప్పటిదాకా ఎంత ఖర్చయింది అని. ఖర్చు పెట్టని శాఖకి బేరమాడే బలం ఉండదు. ఇది నాకు ఎప్పుడూ బాధగా అనిపించేది, ఎందుకంటే ఆ శాఖకి రిలీజ్, అంటే డబ్బు వాడుకోవచ్చనే ఆర్డర్, ఇవ్వకుండా ఆపింది కూడా ఫైనాన్సే, మళ్ళీ ఖర్చు కాలేదు కదా అని తగ్గించేది కూడా ఫైనాన్సే. చిన్న శాఖలు, గట్టి మంత్రి లేని శాఖలు ఈ చక్రంలోనే ఇరుక్కుని ఏళ్ళకేళ్ళు అలాగే ఉంటాయి.

ఇప్పుడు ఖర్చులో ఎంత భాగం ముందే ఖరారైపోయి ఉంటుందో చూడండి. జీతాలు, పెన్షన్లు, పాత అప్పులకి వడ్డీ, అసలు వాయిదాలు. వీటి మీద ఎవరూ చర్చ పెట్టరు, పెట్టడానికి లేదు. వడ్డీ అయితే రాజ్యాంగం 202వ అధికరణం కిందే ఛార్జ్‌డ్ ఖర్చు, గవర్నర్ జీతభత్యాలు, హైకోర్టు జడ్జిల జీతాలు, కోర్టు డిక్రీల సొమ్ము లాగా, దాని మీద సభ మాట్లాడొచ్చు కానీ ఓటింగ్ ఉండదు. జీతాలకి ఓటింగ్ ఉంటుంది కానీ ఎవరు కాదనగలరు. 2021 మార్చిలో తెలంగాణలో ఉద్యోగులకి 30 శాతం ఫిట్‌మెంట్, అంటే పే రివిజన్‌లో జీతం పెంపు, ప్రకటించారు, ఆ ఒక్క ప్రకటనతో తర్వాత వచ్చే అన్ని బడ్జెట్లలో ఒక పెద్ద ముక్క ఆ రోజే రాసేసినట్టు. దాని తర్వాత ప్రభుత్వం మారింది, ఆర్థిక మంత్రి మారారు, ఆ ముక్క మాత్రం మారలేదు. ఉద్యోగులకి ఇవ్వడం తప్పని నేను అనట్లేదు, నేనూ ఆ జీతంతోనే బతికాను, పిల్లల్ని చదివించుకున్నాను. బడ్జెట్ అనేది ఒక ఏడాది తీసుకునే నిర్ణయం కాదని చెప్పడానికి చెప్తున్నా.

తర్వాత స్కీములు. ఇవి మ్యానిఫెస్టోలో డిసైడ్ అవుతాయి, బడ్జెట్ మీటింగ్‌లో కాదు. తెలంగాణలో ఎకరానికి ఏడాదికి 12 వేలు రైతు భరోసా అని ఒకసారి నిర్ణయం అయ్యాక ఫైనాన్స్ వాళ్ళ పని దాన్ని ఎకరాలతో గుణించుకోవడమే, 2025-26 బడ్జెట్‌లో దానికి 18 వేల కోట్లు పెట్టారు. ఆంధ్రాలో సామాజిక పెన్షన్ నెలకి 4 వేలు చేశాక ఆ ఒక్క దానికే ఏడాదికి 27 వేల కోట్ల పైన కావాలి. ఇలాంటివాటికి డేట్ ఉంటుంది చూడండి, ఒకటో తారీఖు పెన్షన్ పడాలి, సీజన్ మొదట్లో రైతుకి పడాలి. డేట్ ఉన్న ఖర్చు ముందు పోతుంది, డేట్ లేని ఖర్చు ఆగుతుంది. మీ రోడ్డుకి డేట్ లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ అవసరం పడుతుంది.

సెంటర్ స్కీములు ఇంకో రకం. పల్లె రోడ్లకి పీఎంజీఎస్‌వై (ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన), స్కూళ్ళకి సమగ్ర శిక్ష లాంటివాటిలో సెంటర్ 60 ఇస్తే రాష్ట్రం 40 పెట్టాలి. ఆ 40 పెట్టకపోతే ఆ 60 కూడా రాదు. చేతిలో డబ్బు లేనప్పుడు కూడా మ్యాచింగ్ గ్రాంట్ ఎలాగోలా సర్దాలి, సర్దలేక వదులుకున్న సందర్భాలూ ఉన్నాయి, ప్రతి రాష్ట్రంలో ఉన్నాయి.

ఇవన్నీ పోగా మిగిలేది ఎంత. తెలంగాణ 2025-26 బడ్జెట్ మొత్తం 3,04,965 కోట్లు, అందులో రెవెన్యూ ఖర్చే 2,26,982 కోట్లు, క్యాపిటల్ ఖర్చు, అంటే రోడ్లు ప్రాజెక్టులు బిల్డింగ్‌లు లాంటి ఆస్తులు కట్టేది, 36,504 కోట్లు. ఆంధ్రాలో అదే ఏడాది మొత్తం 3,22,359 కోట్లు, క్యాపిటల్ 40,635 కోట్లు. రెండు చోట్లా వంద రూపాయల్లో పన్నెండు రూపాయల చిల్లర అన్నమాట. రెండు రాష్ట్రాల్లో జనం కొట్లాడుకునేదంతా, ఎమ్మెల్యేలు లెటర్లు పట్టుకుని తిరిగేదంతా ఈ పన్నెండు రూపాయల మీద. అందులో కూడా పెద్ద ఇరిగేషన్ ప్రాజెక్టులు ఎక్కువ తీసేసుకుంటాయి.

ఇప్పటిదాకా ఖర్చు గురించే చెప్పాను గానీ, నన్నడిగితే బడ్జెట్ అసలు డిసైడ్ అయ్యేది ఆదాయం అంచనా దగ్గర. పేపర్లు దీని మీద దృష్టి పెట్టవు, టీవీ చర్చల్లో కూడా ఏ శాఖకి ఎంత ఇచ్చారన్నదే మాట్లాడతారు. కానీ ఫైనాన్స్ సెక్రటరీ, మంత్రి, ముఖ్యమంత్రి కలిసి కూర్చుని ఆఖర్లో మార్చే అంకె ఎక్కువసార్లు ఆదాయం వైపే ఉంటుంది. ఎందుకంటే స్కీములన్నీ కూడాక మొత్తం పెరిగిపోయింది, ఏదీ కోయడానికి లేదు, మరి రెండు వైపులా సరిపోవాలి కదా. అప్పుడు జీఎస్టీ ఇంకొంచెం పెరుగుతుంది, స్టాంపులు రిజిస్ట్రేషన్లు పెరుగుతాయి, భూముల అమ్మకం ద్వారా ఇంత వస్తుంది, సెంటర్ గ్రాంట్లు ఇంత వస్తాయి అని రాస్తారు.

రాష్ట్రం చేతిలో ఉన్న ఆదాయ మార్గాలు చాలా తక్కువ. 2017 జూలై 1 నుంచి జీఎస్టీ వచ్చాక రేట్లు కేంద్రం, రాష్ట్రాలు కలిసి కూర్చునే జీఎస్టీ కౌన్సిల్‌లో తేలుతాయి, మనం ఒక్కరమే మార్చలేం. లోటు పూడ్చడానికి కేంద్రం ఐదేళ్ళు ఇచ్చిన పరిహారం కూడా 2022 జూన్‌తో ఆగింది. మన చేతిలో మిగిలింది మద్యం, పెట్రోల్ డీజిల్ మీద వ్యాట్, రిజిస్ట్రేషన్లు, బండ్ల ట్యాక్స్, ఇసుక ఖనిజాలు, భూములు. అందుకే ఈమధ్య ఏ ప్రభుత్వం వచ్చినా మద్యం ఆదాయం వదులుకోలేకపోతోంది. 2023 ఆగస్టులో తెలంగాణలో వైన్ షాపుల లైసెన్సులకి ఒక్కో అప్లికేషన్‌కి 2 లక్షలు, తిరిగి ఇవ్వని ఫీజు పెట్టి, లక్షా 30 వేలకి పైగా అప్లికేషన్లు వస్తే, ఒక్క ఫీజుల మీదే 2,600 కోట్లకి పైగా వచ్చింది. అదే నెలలో హైదరాబాద్ పక్కన కోకాపేటలో ప్రభుత్వ భూమి వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. అలాంటి ఏడాది బాగానే గడుస్తుంది, కానీ భూమి ఒకసారి అమ్మితే మళ్ళీ అమ్మలేం, దాన్ని చూసి వచ్చే ఏడాది అంచనా వేస్తే దెబ్బతింటాం.

సెంటర్ పన్నుల్లో వాటా అయితే, ఆ పన్నుల్ని రాష్ట్రాలకి ఎలా పంచాలో చెప్పే ఫైనాన్స్ కమిషన్ ఫార్ములా. 2021-26 కాలానికి పదిహేనో కమిషన్ పంచే మొత్తంలో రాష్ట్రాలన్నిటికీ కలిపి 41 శాతం అంది, అందులో ఆంధ్రాకి 4.047 శాతం, తెలంగాణకి 2.102 శాతం. పద్నాలుగో కమిషన్‌లో తెలంగాణది 2.437 ఉండేది. ఈ అంకె ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ పేపర్లలో రాష్ట్రాలవారీగా వచ్చేస్తుంది కాబట్టి అది మాత్రం గాలిలో రాయలేం. అందుకే రాష్ట్ర బడ్జెట్ ఫిబ్రవరి ఒకటి దాటితే గాని ఒక రూపానికి రాదు, అప్పటిదాకా చేసేదంతా చిత్తు ప్రతే.

గాలిలో రాయగలిగేది గ్రాంట్లు. 2022-23లో, 2023-24లో తెలంగాణ బడ్జెట్‌లో సెంటర్ గ్రాంట్లు ఏడాదికి 41 వేల కోట్లు పైనే వస్తాయని రాశారు. రెండేళ్ళలోనూ వచ్చింది అందులో మూడో వంతు కూడా లేదు. రాష్ట్రం వైపు నుంచి వాదన ఉంది, మాకు రావలసినవి అడుగుతున్నాం, ఫైనాన్స్ కమిషన్ సిఫార్సు చేసినవి కూడా ఇవ్వలేదు కాబట్టి రాశాం అని, ఆ వాదనలో న్యాయం లేదని నేను అనను. కానీ రాని డబ్బు ఆదాయం కాలమ్‌లో ఉంటే, ఖర్చు కాలమ్‌లో దానికి ఎదురుగా ఏదో ఒకటి కాగితం మీదే ఉండిపోవాలి. ఏ పని ఆగాలో ఆ రోజు ఎవరూ చెప్పరు, ఏడాది గడిచాక తెలుస్తుంది.

దీనికి పక్కా ఉదాహరణ 2019. ఆ ఫిబ్రవరిలో ఆర్థిక శాఖ కూడా తనే చూస్తున్న ముఖ్యమంత్రి కేసీఆర్ 1,82,017 కోట్లతో ఓటాన్ అకౌంట్ బడ్జెట్, అంటే పూర్తి బడ్జెట్ వచ్చేదాకా కొన్ని నెలల ఖర్చుకి తీసుకునే అనుమతి, పెట్టారు. సెప్టెంబర్ 9న పూర్తి బడ్జెట్ పెట్టేసరికి అది 1,46,492 కోట్లకి దిగింది. దేశమంతా మందగమనం, ఆదాయం రావట్లేదు, ఉన్నదున్నట్టు రాస్తున్నాం అన్నారు. ఆరు నెలల్లో 35 వేల కోట్లు కాగితం మీంచి పోయాయి. రాజకీయంగా ఎవరేమన్నా సరే, నా లెక్కలో ఆ సెప్టెంబర్ బడ్జెట్ ఒక మంచి పని, తగ్గించి రాయడానికి ధైర్యం కావాలి. తర్వాతి ఏడాదే మళ్ళీ 1,82,914 కోట్లకి వెళ్ళారు, కోవిడ్ వచ్చి పడింది, అది వేరే కథ.

అప్పు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే క్యాపిటల్ ఖర్చుకి డబ్బు వచ్చేది ఎక్కువగా అక్కడ్నుంచే. రాష్ట్రం ఇష్టమొచ్చినంత అప్పు చేయలేదు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం 293(3) అధికరణం కింద ప్రతి అప్పుకీ కేంద్రం అనుమతి తీసుకోవాలి, మామూలుగా జీఎస్‌డీపీలో, అంటే రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో, 3 శాతం, 2021-22 నుంచి కొన్నేళ్ళు కరెంటు సంస్కరణలు చేస్తే ఇంకో అర శాతం ఇచ్చారు. ఆ పరిధి లోపల మంగళవారం మంగళవారం ఆర్‌బీఐ వేలంలో బాండ్లు అమ్మి తెచ్చుకుంటారు. కార్పొరేషన్ల పేరు మీద తెచ్చి బడ్జెట్ నుంచి కట్టే అప్పుల్ని కూడా రాష్ట్రం అప్పు కిందే లెక్కేస్తామని 2022లో కేంద్రం గట్టిగా పట్టుకుంది, ఆ ఏప్రిల్ మే నెలల్లో తెలంగాణకి అనుమతి ఆగి ఎంత ఇబ్బంది అయిందో ఆ టైంలో బిల్లులు పెట్టిన కాంట్రాక్టర్లని అడగండి.

సరే, ఇక అసెంబ్లీ. ముఖ్యమంత్రి స్థాయిలో ఫైనల్ అయ్యాక ప్రింటింగ్, బడ్జెట్ రోజు పొద్దున కేబినెట్ ఆమోదం, తర్వాత సభలో ప్రసంగం. దానికి ముందు గవర్నర్ సిఫార్సు ఉండాలి, 203వ అధికరణం ప్రకారం గవర్నర్ సిఫార్సు లేకుండా ఏ గ్రాంటూ, అంటే ఏ శాఖ ఖర్చుకీ సభ అనుమతి, అడగడానికి వీల్లేదు. మామూలుగా అది సంతకంతో అయిపోయే పని కాబట్టి ఎవరికీ తెలీదు. 2023 జనవరిలో మాత్రం తెలంగాణలో గవర్నర్ దగ్గర అది ఆగింది, ప్రభుత్వం హైకోర్టుకి వెళ్ళింది, చివరికి ఇద్దరి లాయర్లూ మాట్లాడుకుని రాజీ అయ్యారు, గవర్నర్ ప్రసంగం పెడతాం అని వీళ్ళు, అనుమతి ఇస్తాం అని వాళ్ళు, ఫిబ్రవరి 6న బడ్జెట్ పెట్టారు.

పద్దుల మీద, అంటే శాఖలవారీగా అడిగే ఖర్చుల మీద, చర్చ కొన్ని రోజులే జరుగుతుంది. దాదాపు నలభై పద్దులు, ఒక్కో రోజు నాలుగైదు శాఖలు కలిపేస్తారు, టైం అయిపోతే మిగిలినవన్నీ చర్చ లేకుండా ఓటుకి పెట్టేస్తారు, గిలటిన్ అంటారు దాన్ని. సభ ఒక పద్దుని ఒప్పుకోవచ్చు, తిరస్కరించొచ్చు, తగ్గించొచ్చు, పెంచడానికి మాత్రం అధికారం లేదు. మీ ఎమ్మెల్యే ఎంత గట్టిగా అరిచినా మీ రోడ్డుకి సభలో ఒక్క రూపాయి పెంచలేరు, ఆయన చేయగలిగింది డిసెంబర్ జనవరిలో మంత్రి దగ్గర, ముఖ్యమంత్రి దగ్గర కూర్చోవడమే. బడ్జెట్ పెట్టాక అడగడం దండగ, పెట్టకముందు అడగాలి. ఈ విషయం సీనియర్ ఎమ్మెల్యేలకి బాగా తెలుసు, మొదటిసారి గెలిచినవాళ్ళు ఒకటి రెండేళ్ళు పోగొట్టుకుంటారు.

ఆఖర్న ద్రవ్య వినిమయ బిల్లు, అది పాసైతేనే సంచిత నిధి (రాష్ట్ర ఖజానా) నుంచి డబ్బు తీయగలం. మార్చి 31లోపు అది పాస్ కాకపోతే ఆ తర్వాత ఖజానాలో ఒక్క చెల్లింపు కూడా జరగదు. ఇది ఊరికే లాంఛనం అనుకునేవాళ్ళకి 2020 ఆంధ్రాలో జరిగింది చెప్పాలి. కోవిడ్ వల్ల మార్చిలో ఆర్డినెన్స్‌తో మూడు నెలలకి ఓటాన్ అకౌంట్ తీసుకున్నారు, జూన్ 16న బడ్జెట్ పెట్టారు, అసెంబ్లీ పాస్ చేసింది, శాసనమండలిలో గొడవ జరిగి ద్రవ్య వినిమయ బిల్లు తీసుకోకుండానే వాయిదా పడింది. ద్రవ్య బిల్లుని మండలి ఆపలేదు, పద్నాలుగు రోజులు దాటితే పాసైనట్టే, కానీ ఆ పద్నాలుగు రోజులు ఆగాల్సిందే. పాత అనుమతి జూన్ 30తో అయిపోయింది, జూలై 1న జీతాలు పెన్షన్లు పడలేదు, గవర్నర్ సంతకం అయ్యాకే కదిలాయి. లక్షల కుటుంబాలకి ఆ వారం ఆ బిల్లు అంటే ఏంటో తెలిసింది.

ఎన్నికల ఏడాది అయితే ఇంకా సాగుతుంది. 2024లో తెలంగాణలో ఫిబ్రవరి 10న ఓటాన్ అకౌంట్, జూలై 25న 2,91,159 కోట్ల పూర్తి బడ్జెట్. ఆంధ్రాలో ఫిబ్రవరిలో పాత ప్రభుత్వం ఓటాన్ అకౌంట్, ప్రభుత్వం మారాక మళ్ళీ ఆర్డినెన్స్‌తో పొడిగింపు, పూర్తి బడ్జెట్ నవంబర్ 11న. ఏడాదిలో ఏడు నెలలు పోయాక ఆ ఏడాది బడ్జెట్. ఓటాన్ అకౌంట్‌లో కొత్త పనులకి చోటు ఉండదు, పాతవి నడుస్తాయి అంతే.

ఇప్పుడు మీ రోడ్డు దగ్గరికి వద్దాం. బడ్జెట్ పాసయింది, పుస్తకంలో అంకె ఉంది. అది ఖర్చవ్వాలంటే ముందు ఆ పనికి పరిపాలనా అనుమతి జీవో రావాలి, దానికి ఫైనాన్స్ ఒప్పుకోవాలి, తర్వాత టెక్నికల్ శాంక్షన్, టెండర్, అగ్రిమెంట్, ఆ తర్వాత బీఆర్‌వో, అంటే బడ్జెట్ రిలీజ్ ఆర్డర్, ఆ తర్వాత పని చేసిన బిల్లు, దానికి ఖజానాలో టోకెన్ నంబర్, ఆ తర్వాత నిజంగా డబ్బు. ప్రతి మెట్టు దగ్గరా ఫైల్ ఆగొచ్చు, ఫైనాన్స్ కొర్రీ వేసి వెనక్కి పంపొచ్చు. అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఆ రిలీజ్. జీతాలకి ఆటోమేటిక్‌గా జరుగుతుంది, పనులకి మూడు నెలలకోసారి ఇంత అని ఇస్తారు, ఆదాయం తగ్గితే ఆ క్వార్టర్ ఇవ్వరు. రోజూ సాయంత్రం ఖజానాలో ఎంత ఉంది, రేపు ఏం పోవాలి, ఆర్‌బీఐ దగ్గర వేస్ అండ్ మీన్స్ (కొద్ది రోజులకి తీసుకునే చేబదులు) ఎంత వాడాం, ఓవర్‌డ్రాఫ్ట్‌లోకి పోతామా అని లెక్క చూసుకుని ఏ బిల్లులు వదలాలో నిర్ణయిస్తారు. అసలు బడ్జెట్ అక్కడ డిసైడ్ అవుతుంది. సభలో చదివే పొడుగాటి ప్రసంగం కాదు, ఆ సాయంత్రం లిస్టు. ఒకటో తారీఖు జీతాలు, పెన్షన్లు, వడ్డీ, స్కీముల డేట్లు, ఇవన్నీ పోయాక మిగిలితే కాంట్రాక్టర్ బిల్లు. పెద్ద కాంట్రాక్టర్ ఎవరినో ఒకరిని పట్టుకుని వదిలించుకుంటాడు, చిన్న కాంట్రాక్టర్, పల్లెలో సీసీ రోడ్డు వేసిన మాజీ సర్పంచ్, వడ్డీకి తెచ్చి పని చేసి ఏళ్ళ తరబడి టోకెన్ నంబర్ పట్టుకుని తిరుగుతాడు. ఈ ఆఖరి లిస్టు సభ ముందుకి రాదు, ఏ వరుసలో బిల్లులు వదిలారో ప్రజలకి తెలియాలని నేను సర్వీసులో ఉండగానూ అనేవాడిని, ఇప్పటికీ అంటాను. ముందొచ్చిన బిల్లు ముందు వదిలే పద్ధతి పెట్టి, ఆ వరుస వెబ్‌సైట్‌లో పెడితే సగం అన్యాయం ఆగుతుంది.

మార్చి వచ్చేసరికి ఖర్చవ్వని డబ్బు ల్యాప్స్ అవుతుంది, లేదా సరెండర్ చేస్తారు, లేదా రీ-అప్రాప్రియేషన్ పేరుతో అదే గ్రాంట్ లోపల వేరే పద్దుకి పోతుంది, లేదా ల్యాప్స్ కాకుండా పీడీ (పర్సనల్ డిపాజిట్) అకౌంట్‌లో వేసి పెడతారు, దీని మీద ప్రభుత్వ లెక్కలు ఆడిట్ చేసే కాగ్ రెండు రాష్ట్రాలకీ ఎన్నోసార్లు రాసింది. బడ్జెట్ కంటే ఎక్కువ ఖర్చు పెట్టేసి 205వ అధికరణం కింద క్రమబద్ధం చేయించుకోకుండా ఏళ్ళపాటు వదిలేయడం గురించి కూడా రాసింది. ఆ రిపోర్టులు సభ చివరి రోజు పెడతారు, చర్చ జరగదు.

కాబట్టి మీరు ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. ముందు మీ రోడ్డు ఆర్ అండ్ బీ (రోడ్లు భవనాల శాఖ)దా పంచాయతీరాజ్‌దా తేల్చుకోండి, గ్రాంట్ వేరవుతుంది. ఆర్ అండ్ బీ అయితే రాష్ట్ర ఫైనాన్స్ వెబ్‌సైట్‌లో ఆ డిమాండ్ పుస్తకం దించుకుని 5054 అనే మేజర్ హెడ్ (ఖర్చు ఏ రకమో చెప్పే ఖాతా నంబర్) చూడండి, రోడ్లు వంతెనల క్యాపిటల్ ఖర్చు అది, రిపేర్లయితే 3054. హెడ్ నంబర్ 2తో 3తో మొదలైతే రెవెన్యూ ఖర్చు, 4తో 5తో అయితే క్యాపిటల్, 6తో 7తో అప్పులు అడ్వాన్సులు. అదే హెడ్ కింద 789 ఉంటే ఎస్సీ ఉపప్రణాళిక డబ్బు, 796 ఉంటే ఎస్టీది, మీది తండాకో గూడేనికో పోయే రోడ్డయితే అక్కడ కూడా చూడండి. మీ రోడ్డు పేరు విడిగా కనబడకపోవచ్చు, చాలా పనులు ఒక ఉమ్మడి పద్దులో ఉంటాయి. వెయ్యి రూపాయల లాంటి అంకె కనబడితే అది నామమాత్రపు (టోకెన్) అంకె, పద్దు తెరిచి పెట్టారు అంతే, డబ్బు పెట్టలేదు.

అంకె కనబడిందని సంతోషపడకుండా పక్క కాలమ్‌లు చూడండి. 2025-26 పుస్తకం అయితే 2023-24లో నిజంగా ఎంత ఖర్చయిందో లెక్క ఉంటుంది, 2024-25కి మొదట ఎంత అనుకున్నారు, తర్వాత ఎంతకి సవరించారు ఉంటుంది, ఆ తర్వాతే కొత్త అంచనా. ఒక పద్దుకి మూడేళ్ళుగా వంద కోట్లు రాస్తూ లెక్కల కాలమ్‌లో పది పదిహేను కోట్లే కనబడుతుంటే కొత్తగా రాసిన నూటయాభైని నమ్మకండి. రాష్ట్రం మొత్తం పరిస్థితి తెలియాలంటే కాగ్ వెబ్‌సైట్‌లో ప్రతి రాష్ట్రానికీ మంత్లీ కీ ఇండికేటర్స్ అని నెలనెలా పెడతారు, రెండు మూడు పేజీలే, బడ్జెట్‌లో ఎంత రాశారు, ఆ నెల దాకా ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత అప్పు చేశారు అన్నీ ఉంటాయి. డిసెంబర్ నాటికి ఆదాయం అంచనాలో సగం దగ్గరే ఉందంటే ఆ ఏడాది క్యాపిటల్ పనులకి రిలీజ్‌లు రావని అర్థం చేసుకోవచ్చు, మంత్రి గారు ఏం చెప్పినా సరే.

తర్వాత మీ డివిజన్ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) ఆఫీసుకి ఆర్‌టీఐ, అంటే సమాచార హక్కు దరఖాస్తు, పెట్టండి, జిల్లా స్థాయికి ఫీజు పది రూపాయలే. బడ్జెట్‌లో ఎంత పెట్టారని అడగకండి, దానికి ఒక అంకె రాసి పంపేస్తారు. ఈ రోడ్డుకి పరిపాలనా అనుమతి జీవో నంబర్ తేదీ కాపీ, ఫైనాన్స్ ఒప్పుకోలు ఉందా, టెక్నికల్ శాంక్షన్ తేదీ, టెండర్ పిలిచారా, అగ్రిమెంట్ అయిందా, ఈ పనికి ఇప్పటిదాకా వచ్చిన బీఆర్‌వోల నంబర్లు, పెండింగ్ బిల్లులు, ఇలా మెట్టు మెట్టుగా అడగండి. జవాబు ఎక్కడ ఆగిపోయిందో మీ ఫైల్ అక్కడ ఉంది. జీవోనే రాలేదంటే ఫ్లెక్సీ తప్ప ఏమీ లేనట్టు, మీ ఎమ్మెల్యేని ఆ జీవో గురించే అడగాలి. జీవో వచ్చి టెండర్‌కి ఎవరూ రాలేదంటే పాత బిల్లులు రాక కాంట్రాక్టర్లు భయపడుతున్నారని అర్థం, ఇది ఈ మధ్య చాలా చోట్ల ఉంది. అగ్రిమెంట్ కూడా అయ్యి రిలీజ్ లేదంటే అడగాల్సింది ఆర్ అండ్ బీ వాళ్ళని కాదు, ఫైనాన్స్‌ని, అప్పుడు మీ ఊరివాళ్ళు పది మంది సంతకాలతో నవంబర్ లోపే ఇంచార్జి మంత్రికి ఆ నంబర్లన్నీ రాసి ఇవ్వండి, జనవరి దాటితే ఆ ఏడాదికి అయిపోయినట్టే.

ఆ ఆర్‌టీఐ జవాబు వచ్చాక ఇక్కడే పెట్టండి, జీవోలో ఏ హెడ్ రాశారో చూసి ఆ డబ్బు నిజంగా ఉందో లేదో నేను చెప్తాను.